‘24 గంటల నొప్పి’ మందులతో తగ్గితే మళ్లీ రాదా?

ప్రశ్న: మా అబ్బాయికి 26 ఏళ్లు. పది రోజుల కిందట రాత్రిపూట బొడ్డు చుట్టూ నొప్పి మొదలై, తెల్లవారేసరికి కుడివైపు పొత్తికడుపులోకి దిగింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తుంటే స్పీడ్‌బ్రేకర్ వచ్చినప్పుడల్లా పొట్ట పట్టుకుని విలవిల్లాడాడు. సీటీ స్కాన్ తీసి, అపెండిక్స్ వాచింది కానీ పగల్లేదన్నారు. ‘ఇది 24 గంటల నొప్పి, ఈ రాత్రికే ఆపరేషన్ చేయించండి’ అని బంధువులు కంగారు పెట్టినా, సర్జన్ గారు యాంటీబయాటిక్ ఇంజెక్షన్లతో తగ్గించి నాలుగో రోజు ఇంటికి పంపారు. ఇది మళ్లీ రాదా? వచ్చే నెల వాడు ఉద్యోగానికి దుబాయ్ వెళ్లాలి.
— ఒక తండ్రి, మలక్‌పేట, హైదరాబాద్

జవాబు: ఒక రోజు దాటితే అపెండిక్స్ పగిలి ప్రాణం మీదికి వస్తుందన్న భయం మన ఇళ్లలో ఆ పేరుతోనే పాతుకుపోయింది. ఫిన్లాండ్, నార్వేలలో జరిపి 2023లో ప్రచురించిన పరిశోధనలో, అపెండిక్స్ పగిలిన సూచనలు లేని దాదాపు 1,800 మందిలో కొందరికి 8 గంటల్లోపు, మిగిలినవారికి 24 గంటల్లోపు ఆపరేషన్ చేయాలని నిర్ణయించి చూస్తే, పగిలినట్లు తేలినవారు మొదటి వర్గంలో 8 శాతం, రెండో వర్గంలో 9 శాతం. కాబట్టి మీ సర్జన్ తొందరపడకపోవడంలో తప్పేమీ లేదు. అయితే ఆ గంటలు ఆసుపత్రిలో డాక్టర్ల కళ్లెదుట గడిచినవి. ఇంట్లో వాము నీళ్లు తాగుతూ గడిపే గంటలకు ఈ లెక్క వర్తించదు.

స్పీడ్‌బ్రేకర్ సంగతి మీరు రాయడం బాగుంది. 2012లో ఇంగ్లండ్‌లో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో, అపెండిసైటిస్ (అపెండిక్స్ వాపు) అని తేలిన 34 మందిలో 33 మంది దారిలో స్పీడ్‌బ్రేకర్ల మీద నొప్పి పెరిగిందనే చెప్పారు. వేరే కడుపునొప్పులు ఉన్నవారిలోనూ చాలామందిది అదే మాట కనుక దాన్నిబట్టి జబ్బును ఖాయం చేయలేం. (మన రోడ్ల మీద గుంతలనూ లెక్కలోకి తీసుకోవాలనుకోండి.)

ఇక అసలు ప్రశ్న. ఫిన్లాండ్‌లోనే జరిగిన మరో పరిశోధనలో యాంటీబయాటిక్స్‌తో చికిత్స పొందిన సుమారు 250 మందిలో ఏడాదిలోపు 27 శాతం మందికి ఆపరేషన్ అవసరమైంది. ఐదేళ్లలోపు నొప్పి తిరగబెట్టినవారు 39 శాతం. అందులో అపెండిక్స్‌లో రాయి ఉన్నవారిని చేర్చుకోలేదు. అమెరికాలో 1,552 మందితో జరిపి 2020లో ప్రచురించిన అధ్యయనంలో రాయి ఉన్నవారినీ చేర్చుకున్నారు. మందులు వాడినవారిలో 90 రోజుల్లోపే ఆపరేషన్ దాకా వెళ్లినవారు రాయి ఉన్నప్పుడు 41 శాతం, లేనప్పుడు 25 శాతం.

అందుకని ముందు సీటీ రిపోర్టు తీసి, అందులో ‘అపెండికోలిత్’ అన్న మాట ఉందేమో చూడండి. మలం గట్టిపడి రాయిలా మారి అపెండిక్స్‌లో ఇరుక్కుంటే అలా రాస్తారు. అది ఉంటే, సర్జన్‌తో మాట్లాడి ప్రయాణానికి ముందే లాపరోస్కోపీతో (పొట్టపై చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్) అపెండిక్స్ తీయించుకోవడం మేలని నా అభిప్రాయం. ఆ తర్వాత కోలుకోవడానికి రెండు మూడు వారాలు చేతిలో ఉంచుకోవాలి. రాయి లేకపోతే, నొప్పి పూర్తిగా తగ్గిన 26 ఏళ్ల కుర్రాడికి ఇప్పుడే ఆపరేషన్ చేయించాలని నేను పట్టుబట్టను. ఓడ మీద ఉద్యోగమైతే వేరే మాట చెప్పేవాణ్ణి కానీ, దుబాయ్‌లో ఆసుపత్రులకు కొదవ లేదు. ఇన్సూరెన్స్ కార్డు ఏ రోజు చేతికి వస్తుందో మాత్రం కంపెనీ వాళ్లను ముందే అడగమనండి. కుడివైపు నొప్పి, జ్వరం, వాంతులు మళ్లీ కనిపిస్తే నొప్పి మాత్ర వేసుకుని పడుకోకుండా అదే పూట ఆసుపత్రికి వెళ్లాలి. డిశ్చార్జి సమ్మరీనీ స్కాన్ రిపోర్టునూ ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకుంటే అక్కడి డాక్టరుకు పని సులువవుతుంది.