ఐసీయూ పోస్టింగ్‌లో నర్సింగ్ పిల్లలకు ముందు ఏం నేర్పాలి?

విజయనగరంలో కొత్తగా ట్యూటర్‌గా చేరాను, బీఎస్సీ నర్సింగ్ పిల్లల్ని పది మందిని రెండు వారాలు ఐసీయూకి తీసుకెళ్లాలి, వెంటిలేటర్ మోడ్స్‌తో (మెషీన్ ఊపిరి అందించే పద్ధతులు) మొదలుపెట్టనా అని అడిగారు. వద్దండి.

నేను శ్రీకాకుళంలో ఆరేళ్లు ఐసీయూ స్టాఫ్‌గా చేసి ట్యూటర్‌నయ్యాను. మొదటి రెండు బ్యాచ్‌లకు మీరనుకున్నట్టే చెప్పాను. మోడ్స్ అన్నీ బోర్డు మీద గీశాను, పిల్లలు పరీక్షలో చక్కగా రాశారు. నా పాఠం సంగతి ఐసీయూలో బయటపడింది. ఓ రోజు మానిటర్ మీద గీత ఉన్నట్టుండి తిన్నగా సాగిపోయింది. మా స్టూడెంట్ అమ్మాయి ఒకటే కేక, క్రాష్ కార్ట్ (ఎమర్జెన్సీ మందుల బండి) కోసం పరుగు. మంచం మీది తాత కళ్లు తెరిచి "ఏటమ్మా, ఏటైనాది?" అన్నాడు. ఛాతీ మీద మానిటర్ లీడ్ (వైరు) ఊడింది, అంతే. అందరం నవ్వుకున్నాం గానీ, ముందు మనిషిని చూడమని ఆ పిల్లకు చెప్పనిది నేనే కదా.

ఇప్పుడు మొదటి మూడు రోజులు మెషీన్ల మాటే ఎత్తను. ఒక్కొక్కరికి ఒక్క పేషెంట్, షిఫ్ట్ అంతా ఆ మంచం దగ్గరే. గంటకోసారి నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టాలి, చేతులు కాళ్లు చల్లబడ్డాయేమో పట్టి చూడాలి, యూరిన్ ఎంత వచ్చిందో రాయాలి. చివర్లో ఒక్క గడి: పోయిన గంటకీ ఇప్పటికీ ఏం మారింది?

ఊపిరి దగ్గర కొంచెం గట్టిగా ఉండండి. ఏ వార్డులోనైనా పాత చార్ట్‌లు తిరగెయ్యండి, లెక్కపెట్టకుండానే అందరికీ నిమిషానికి 20 అని రాసి ఉంటుంది. నిద్రపోతున్నాయనకీ 20, ఆయాసంతో లేచి కూర్చున్నావిడకీ 20!

దీని విలువ నాకు ఒక పాముకాటు కేసులో తెలిసింది. ఉద్దానం వైపు మనిషి, రాత్రి నేల మీద పడుకుంటే కట్లపాము కరిచింది. కాటు దగ్గర వాపు లేదు, పెద్దగా నొప్పీ లేదు. ఏఎస్‌వీ (పాము విషానికి విరుగుడు మందు) ఎక్కించారు. ఒక్క ఊపిరితో ఎంతవరకు లెక్కపెట్టగలడో చూస్తూ ఉండమని మా స్టూడెంట్‌కి చెప్పాను. మొదట 24 వరకు వెళ్లాడు. గంట తర్వాత 17. తర్వాత రెప్పలు వాలిపోతుంటే "పదకొండు" దగ్గర ఆగిపోయాడు. మానిటర్ మీద సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) అప్పటికీ 97. ఆ అమ్మాయి డ్యూటీ డాక్టర్ దగ్గరికెళ్లి "సార్, సాచురేషన్ బాగానే ఉంది, లెక్క మాత్రం 24 నుంచి 11కి పడిపోయింది" అంది. వెంటనే గొంతులో ఊపిరి ట్యూబ్ వేశారు. నాలుగో రోజు తీసేశారు.

ఆ పిల్ల ఆ మాట తెలుగులోనే చెప్పింది. మన పిల్లల్లో చాలామంది తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు. ఇంగ్లిష్‌లో హ్యాండోవర్ (పేషెంట్ సంగతి తర్వాతి వాళ్లకి అప్పజెప్పడం) చెప్పాలంటే టెన్షన్, తప్పు పోతుందేమోనని తెలిసింది కూడా మింగేస్తారు. మొదటి వారం తెలుగులో చెప్పనివ్వండి, రెండో వారం అదే ఇంగ్లిష్‌లో. దీని మీద మా కాలేజీలో నాతో గొడవపడ్డవాళ్లున్నారు, నేను మాత్రం మార్చలేదు.

నాలుగో రోజు నుంచి వెంటిలేటర్. అప్పుడు కూడా మోడ్స్ కాదు, అలారం. మోగగానే ఛాతీ లేస్తోందా, ట్యూబ్ జారిందా, గొట్టం మెలిపడిందా చూడాలి. ఏమీ అంతుపట్టకపోతే మెషీన్ తప్పించి యాంబూ బ్యాగ్ (చేత్తో ఊపిరి అందించే సంచి) నొక్కుతూ సాయం కోసం కేకెయ్యాలి. సక్షన్ (ట్యూబ్‌లోంచి కఫం లాగడం) స్కిల్ ల్యాబ్‌లో నేర్పేటప్పుడు వాళ్లనీ ఊపిరి బిగబట్టమంటాను. 15 సెకన్లు దాటకూడదని ఎందుకంటామో అప్పుడు వాళ్లకే తెలుస్తుంది. ఈసీజీలో అరుదైన రిథమ్‌ల జోలికి పోకండి. కవిటి, సోంపేటల నుంచి కిడ్నీ పేషెంట్లు వచ్చే జిల్లా మాది, వాళ్లకి రక్తంలో పొటాషియం పెరిగితే ఈసీజీ గీతలో టీ వేవ్ అనే ఉబ్బు మొనదేలి లేస్తుందని గుర్తుపట్టడం ముందు రావాలి. సీపీఆర్ గురించి ఎక్కువ చెప్పను, 2021 సిలబస్‌లో బేసిక్ లైఫ్ సపోర్ట్ మాడ్యూల్ మూడో సెమిస్టర్‌లోనే ఉంది. ఒకసారి మేనికిన్ బొమ్మ మీద చేయించి చూసుకోండి.

ఇంకొకటి, పది మందినీ ఒకేసారి లోపలికి తీసుకెళ్తే స్టాఫ్ విసుక్కుంటారు, అది వాళ్ల తప్పు కాదు. ఐదుగురు లోపల, ఐదుగురు ల్యాబ్‌లో. ఇన్‌ఛార్జ్ సిస్టర్‌తో ముందురోజే మాట్లాడి, ఏ మంచాలు ఇస్తారో ఆవిడనే చెప్పమనండి.