పేరు వేస్తే చాలదు, పని చెప్పాలి: గ్రంథాలయ సిబ్బంది ప్రశ్నలకు జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో పనిచేసేవారు రాసినవే. పదోన్నతులు, పత్రాలు, సన్మానాలు, పదవీ విరమణలు వంటి సిబ్బంది విశేషాల చుట్టూ తిరిగిన ప్రశ్నలను ఒకచోట చేర్చాం.

మా గ్రంథాలయం మూడు నెలలకోసారి వార్తాలేఖ తెస్తుంది. అందులో ‘సిబ్బంది విశేషాలు’ పేజీ నా బాధ్యత. అందరూ సర్టిఫికెట్ల ఫొటోలు వాట్సాప్‌లో పంపిస్తారు. ఏది వేయాలో, ఏది వదలాలో తేలడం లేదు. – అసిస్టెంట్ లైబ్రేరియన్, విశాఖపట్నం

ముందు వాట్సాప్ ఫొటోలు తీసుకోవడం మానేయండి. ఏడు గడుల చిన్న ఫారం ఒకటి పెట్టండి: సర్వీసు రిజిస్టరులో ఉన్నట్టుగా పేరు, హోదా, చేసిన పని, జరిగిన చోటు, తేదీలు, నిర్వహించిన సంస్థ, ఆధారం. ‘చేసిన పని’ గడిలో ‘పాల్గొన్నారు’ అన్న మాటను ఒప్పుకోవద్దు. పత్రం చదివారా, సమావేశానికి అధ్యక్షత వహించారా, శిక్షణ ఇచ్చారా, కూర్చుని విన్నారా? ఈ నాలుగింటికీ ఒకే మాట వాడితే కష్టపడ్డవారికి అన్యాయం జరుగుతుంది. ‘మా సిబ్బంది ముగ్గురు జాతీయ సదస్సులో పాల్గొన్నారు’ అనే వాక్యం పాఠకుడికి ఏమీ చెప్పదు. రేపు న్యాక్ (విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే మండలి) నివేదిక కోసం పాత సంచికలు తిరగేసేవారికీ పనికిరాదు.

పీహెచ్‌డీ విషయంలో మరింత జాగ్రత్త కావాలి. సిద్ధాంత గ్రంథం సమర్పించడం, మౌఖిక పరీక్ష పూర్తికావడం, డిగ్రీ ప్రకటన వెలువడడం మూడూ వేరు. మొదటి దశలోనే ‘డాక్టరేట్ సాధించారు’ అని వేసేస్తే, పేరుకు ముందు ‘డా.’ చేరిన ఆ సంచికే తర్వాత ఇబ్బంది తెస్తుంది. డిగ్రీ ప్రకటన ఉత్తర్వు చేతికొచ్చాకే వేయండి. సిద్ధాంత గ్రంథం పేరు, పర్యవేక్షకుల పేరు, శోధ్‌గంగలో (పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల ఆన్‌లైన్ భాండాగారం) ఉంటే ఆ లంకె కూడా ఇవ్వండి.

పరిశోధన పత్రాల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఒకే పత్రం మూడుసార్లు రావడం: అంగీకారం అందినప్పుడు ఒకసారి, ఆన్‌లైన్‌లో వచ్చినప్పుడు ఒకసారి, అచ్చు సంచిక వెలువడినప్పుడు మరోసారి. డీఓఐ (పత్రానికి ఆన్‌లైన్‌లో ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) లేదా సంపుటి, సంచిక, పుటల సంఖ్యలు వచ్చాక ఒక్కసారే వేయండి. ఇద్దరు ఉద్యోగులు కలిసి రాసినదైతే ఒకే వార్తగా, పత్రంలో ఉన్న వరసలోనే పేర్లు ఇవ్వండి. హోదాను బట్టి వరస మార్చకూడదు.

గంటసేపు వెబినార్ విని తెచ్చుకున్న సర్టిఫికెట్లను నిర్మొహమాటంగా వదిలేయండి. మిగిలిన చోటులో సగం గ్రంథాలయంలోనే జరిగిన పనికి ఇవ్వాలని మా అభిప్రాయం. ఎన్ని పాత సిద్ధాంత గ్రంథాలు స్కాన్ అయ్యాయి, ఎన్ని పుస్తకాలు కేటలాగ్‌లో చేరాయి, ఏ తేదీ నాటికి, ఎవరి చేతుల మీదుగా? ఇవి సన్మానాల కన్నా పెద్ద వార్తలు.

ఉద్యోగంలో చేరి ఆరేళ్లు నిండబోతున్నాయి. ఎంఫిల్, పీహెచ్‌డీ లేవు. వేతన శ్రేణిలో లెవల్ 10 నుంచి 11కు వెళ్లడానికి ఏం సిద్ధం చేసుకోవాలి? – ఒక పాఠకురాలు, వరంగల్

యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ ఉంటే నాలుగేళ్లు, ఎంఫిల్ ఉంటే ఐదేళ్లు, రెండూ లేకపోతే ఆరేళ్ల సర్వీసు కావాలి. దాంతోపాటు 21 రోజుల ఓరియెంటేషన్ కోర్సు ఒకటి, గ్రంథాలయ ఆటోమేషన్, డిజిటలీకరణ, నిర్వహణ వంటి అంశాల మీద కనీసం ఐదు రోజుల శిక్షణ లేదా వర్క్‌షాప్ ఒకటి పూర్తిచేసి ఉండాలి. మీ విశ్వవిద్యాలయ పాలక మండలి ఏ నిబంధనలను, ఏ తేదీ నుంచి అమల్లోకి తెచ్చుకుందో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో అడిగి, ఆ ఉత్తర్వు ప్రతి తీసుకోండి. అర్హత తేదీకి మూడు నెలల ముందే దరఖాస్తు ఇవ్వవచ్చు. ఆలస్యం చేస్తే నష్టపోయేది మీరే.

చాలామంది దృష్టి కోర్సుల మీదే ఉంటుంది. ఇబ్బంది వచ్చేది మాత్రం ఏటా ఇచ్చే పనితీరు నివేదికల్లో. వాటిని అనుబంధం 2లోని నాలుగో పట్టిక ప్రకారం అంచనా వేస్తారు. మొదటి అంశం హాజరు: 90 శాతం, ఆపైన ఉంటే ‘బాగుంది’, 80 నుంచి 90 లోపు అయితే ‘సంతృప్తికరం’. ఆ తర్వాత సదస్సుల నిర్వహణ, కంప్యూటర్ డేటాబేస్, నాలుగో అంశంగా స్టాక్ తనిఖీ, చివరగా ప్రచురణలు, పాఠకులకు స్వల్పకాలిక కోర్సులు వంటివి వస్తాయి. మొత్తం మీద ‘సంతృప్తికరం’ రావాలంటే హాజరుతోపాటు మరో రెండు అంశాల్లో నిలబడాలి, ఆ రెండింటిలో ఒకటి తప్పనిసరిగా స్టాక్ తనిఖీయే. ఎన్ని పత్రాలు రాసినా తనిఖీ చేయని ఏడాది లెక్కలోకి రాదు. ఆరేళ్ల వారికి చివరి ఆరేళ్లలో కనీసం ఐదు నివేదికలు ‘సంతృప్తికరం’ లేదా ‘బాగుంది’ అయి ఉండాలి. అందుకే ఏటా మార్చి ముగిసేలోపు మీ విభాగం తనిఖీ నివేదిక మీద సంతకం, తేదీ, ముద్ర వేయించుకుని ఫైలులో పెట్టుకోండి. ఆరో ఏట కూర్చుని పాత ఏళ్ల నివేదికలు తయారుచేయడం కుదిరే పని కాదు, చేయకూడని పని కూడా.

కోహాలో (గ్రంథాలయ నిర్వహణ సాఫ్ట్‌వేర్) స్టాక్ తనిఖీ చేస్తే వేల పుస్తకాలు కనిపించడం లేదని జాబితా వచ్చింది. ర్యాకుల దగ్గరికి వెళ్లి చూస్తే చాలా పుస్తకాలు అక్కడే ఉన్నాయి. ఎక్కడ తప్పింది? – లైబ్రరీ అసిస్టెంట్, కర్నూలు

మొదట అనుమానించాల్సింది ఎక్సెల్‌ని. స్కానర్‌తో తీసిన బార్‌కోడ్‌లను ఎక్సెల్‌లో తెరిచి భద్రపరిస్తే ముందున్న సున్నాలు పోతాయి. 004512 కాస్తా 4512 అవుతుంది, కోహా దాన్ని గుర్తుపట్టదు. పొడవైన నంబర్లయితే ఎక్సెల్ వాటిని ఘాతాంక రూపంలోకి మార్చేస్తుంది. స్కాన్ చేసేటప్పుడే నోట్‌ప్యాడ్‌లోకి, వరసకు ఒక బార్‌కోడ్ చొప్పున తీసుకోండి. చివర ఖాళీలు మిగలకుండా చూసుకోండి.

రెండోది, పాఠకుల దగ్గరున్న పుస్తకాలు. ఇన్వెంటరీ పేజీలో అరువులో ఉన్నవాటిని వదిలేసే గడిని టిక్ చేయకపోతే అవన్నీ పోయినట్టే కనిపిస్తాయి. బైండింగ్‌కు వెళ్లినవి, డిపార్ట్‌మెంట్ లైబ్రరీలకు ఇచ్చినవి, ప్రొఫెసర్ల గదుల్లో ఏళ్లుగా ఉన్నవి కూడా ఇలాగే జాబితాకు ఎక్కుతాయి. వాటి స్థితిని తనిఖీకి ముందే కోహాలో మార్చాలి.

మూడోది, కాల్ నంబరు (పుస్తకం విషయాన్ని, ర్యాకులో దాని చోటును చెప్పే సంఖ్య) పరిధి. మీరు 500 నుంచి 599 వరకు ర్యాకులు స్కాన్ చేసి, పోలికకు మొత్తం గ్రంథాలయాన్ని ఎంచుకుంటే, స్కాన్ చేయని విభాగాలన్నీ పోయిన పుస్తకాలుగా వస్తాయి. ఒక ర్యాకుకు ఒక ఫైలు పెట్టి, ఫైలు పేరులోనే ర్యాకు సంఖ్య, తేదీ రాయండి. తప్పు దొరికితే ఆ ఒక్క ర్యాకునే మళ్లీ స్కాన్ చేస్తే సరిపోతుంది.

ఈ మూడూ సరిచేశాక మిగిలిన జాబితా పట్టుకుని ఒకరు ర్యాకుల దగ్గర భౌతికంగా వెతకాలి. తప్పు వరసలో పెట్టిన పుస్తకాలు అప్పుడే దొరుకుతాయి. ఆ తర్వాతే ‘పోయింది’ అని గుర్తు పెట్టండి.

శాతాల దగ్గర ఒక మెలిక ఉంది. యూజీసీ పట్టికలో పోయిన పుస్తకాలు 0.5 శాతం లోపు ఉంటే ‘బాగుంది’, ఒక శాతం లోపు ఉంటే ‘సంతృప్తికరం’. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనలు 2017లో 215వ నిబంధన కూడా వెయ్యికి ఐదు పుస్తకాల నష్టాన్ని సహేతుకమంటుంది, కానీ అది ఏడాదిలో అరువిచ్చిన, చదివిన పుస్తకాల మీద వేసే లెక్క. చూడ్డానికి ఒకటే అంకె, భాగహారం వేరు. నివేదికలో రెండు సంఖ్యలూ విడివిడిగా చూపితే ఆడిట్ వారితో వాదన తప్పుతుంది. అదే నిబంధన ప్రకారం వెయ్యి రూపాయలకు మించిన పుస్తకం పోయినా, ధరతో నిమిత్తం లేకుండా అరుదైన పుస్తకం పోయినా విచారణ జరగాల్సిందే. 50 వేల సంపుటాలు దాటిన గ్రంథాలయాలకు మూడేళ్లకు మించని వ్యవధిలో నమూనా తనిఖీ చాలంటుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు సొంత నియమాలు ఉంటే వాటినే అనుసరించాలి.

సక్రమంగా పూర్తయిన తనిఖీని వార్తాలేఖ మొదటి పేజీలో వేయదగిన విజయంగా భావిస్తాం. దుమ్ములో నిలబడి ఆ పని చేసిన అటెండర్ల పేర్లతో సహా.

నా పత్రాలు ఒకచోట ఇంటిపేరుతో, ఒకచోట పొడి అక్షరాలతో, ఇంకోచోట పెళ్లి తర్వాతి పేరుతో వచ్చాయి. ఏకం చేయడం ఎలా? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

మన తెలుగువాళ్లకు ఇది మామూలు తలనొప్పే. ఇంటిపేరు ముందు రాసుకుంటాం, విదేశీ సూచికలు చివరి మాటను ఇంటిపేరు అనుకుంటాయి. అలా ‘రావు’, ‘లక్ష్మి’, ‘కుమార్’ పేర్లతో వందలమంది ఒకే గంపలో పడతారు.

ఓర్కిడ్ (పరిశోధకులకు గుర్తింపు సంఖ్య ఇచ్చే అంతర్జాతీయ సేవ) ఖాతా తెరవండి, ఉచితం. 16 అంకెల గుర్తింపు సంఖ్య వస్తుంది, చివరిది కొన్నిసార్లు అంకె బదులు ఎక్స్ అక్షరం అవుతుంది. ఇతర పేర్ల గడిలో ఇప్పటిదాకా అచ్చయిన రూపాలన్నీ చేర్చండి. విశ్వవిద్యాలయ ఈమెయిల్‌తోపాటు సొంత ఈమెయిల్ కూడా ఇవ్వడం మరవద్దు. బదిలీ అయినా, పదవీ విరమణ చేసినా ఆఫీసు మెయిల్ ఆగిపోతుంది, దాంతో ఖాతా తలుపూ మూసుకుపోతుంది. పాత పత్రాలను డీఓఐ ద్వారా చేర్చండి. పొరపాటున రెండు ఖాతాలు తెరిచి ఉంటే ఒకదాన్ని రెండోదానిలో కలిపే వీలుంది. ఇన్‌ఫ్లిబ్‌నెట్ (యూజీసీ ఏర్పాటు చేసిన గ్రంథాలయాల అనుసంధాన కేంద్రం) వారి విద్వాన్ అనే నిపుణుల జాబితాలోని ఖాతాలోనూ ఇదే సంఖ్య ఇవ్వండి. ఇకపై ఒకే రూపం ఎంచుకుని, దానికే కట్టుబడండి.

పంపిన మూడో రోజే ‘మీ పత్రం అంగీకరించాం, రుసుము కట్టండి’ అని ఒక పత్రిక మెయిల్ పంపింది. యూజీసీ ఆమోదం ఉందంటున్నారు. కట్టవచ్చా? – లైబ్రేరియన్, రాజమహేంద్రవరం

కట్టకండి. యూజీసీ తాను గుర్తించిన పత్రికల కేర్ జాబితానే 2025 ఫిబ్రవరిలో ఎత్తేసింది. ఇప్పుడు ‘యూజీసీ ఆమోదం’ అని చెప్పుకునే పత్రికను ఆ ఒక్క మాటకే అనుమానించవచ్చు. ఐఎస్‌ఎస్‌ఎన్ (పత్రికలకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) పోర్టల్‌లో ఆ ఎనిమిది అంకెల సంఖ్య ఏ పత్రికకు ఇచ్చారో చూడండి. పేరున్న పత్రికల పేరు, సంఖ్య దొంగిలించి నకిలీ సైట్లు పెట్టేవారున్నారు. పాత సంచికలోని రెండు మూడు డీఓఐలు తెరిచి చూడండి. సంపాదక వర్గంలోని ఒకరి విశ్వవిద్యాలయ పేజీలో ఆ పత్రిక ప్రస్తావన ఉందో లేదో వెతకండి. మూడు రోజుల్లో ఏ సమీక్షకుడూ పత్రాన్ని చదివి తప్పులు చెప్పలేడు. మన రంగంలో డెసిడాక్ వారి పత్రిక, అన్నల్స్ ఆఫ్ లైబ్రరీ అండ్ ఇన్ఫర్మేషన్ స్టడీస్, ఐయాస్లిక్ బులెటిన్ వంటివి ఉన్నాయి. తిరస్కరించినా ఎందుకో తెలుస్తుంది.

నేను రికార్డు అసిస్టెంట్‌ను. ఏడాదిగా తాళపత్రాలు శుభ్రం చేస్తున్నాను. వార్తలో ‘గ్రంథాలయం చేపట్టింది’ అనే వచ్చింది, నా పేరు లేదు. దూరవిద్యలో బీఎల్‌ఐఎస్సీ (గ్రంథాలయ శాస్త్ర డిగ్రీ) కూడా చదువుతున్నాను. – పేరు, ఊరు వద్దన్నారు

మీ పేరు రావాలి. వచ్చేలా చేయడానికి ఇప్పటినుంచే పని పుస్తకం రాయండి: కట్ట సంఖ్య, ఆకుల సంఖ్య, విరిగినవి ఎన్ని, మెత్తటి కుంచెతో దుమ్ము దులిపారా, ఏ నూనె పూశారు, మసి అద్దారా, తేదీ. సిరాతో రాసిన ఆకులు, గంటంతో గీసిన ఆకులు వేర్వేరుగా నమోదు చేయండి. సిరా ఆకుల మీద తడి పడితే అక్షరమే పోతుంది కాబట్టి ఏది ఎలా చూశారన్నది తర్వాతి వారికి తెలియాలి. నెలకోసారి ఆ పుస్తకం మీద పై అధికారి సంతకం తీసుకోండి.

చదువు విషయంలో ఒకటే హెచ్చరిక: కోర్సులో చేరేముందు అనుమతి పత్రం తీసుకున్నారా? లేకపోతే వెంటనే దరఖాస్తు ఇవ్వండి. ముందస్తు అనుమతి లేని అర్హతను సర్వీసు రిజిస్టరులో ఎక్కించడానికి అభ్యంతరాలు వస్తాయి, ఖాళీ వచ్చినప్పుడు ఆ డిగ్రీ అక్కరకు రాదు. మార్కుల జాబితా అందగానే నకలు జతచేసి, నమోదు చేయమని లిఖితపూర్వకంగా అడగండి.

మా సీనియర్ ఈ నెల పదవీ విరమణ చేస్తున్నారు. వార్తాలేఖలో ఏం రాయాలి? ‘మృదుస్వభావి, అజాతశత్రువు’ తప్ప ఏమీ తోచడం లేదు. – ఒక పాఠకుడు, అనంతపురం

ఆయన రాకముందు ఏది లేదో, వెళ్లేటప్పటికి ఏది ఉందో రాయండి. కార్డు కేటలాగ్ నుంచి కంప్యూటర్‌కు మార్చింది ఎవరు, ఏ యాక్సెషన్ నంబరు (పుస్తకం గ్రంథాలయంలో చేరిన వరస సంఖ్య) వరకు, ఏ సంవత్సరంలో? ఏ విరాళ సేకరణ ఆయన హయాంలో వచ్చింది? అబ్బూరి రామకృష్ణారావు గారిని సాహిత్యం చదివేవారు కవిగా తలుచుకుంటారు, ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అన్న సంగతి వారిలో చాలామందికి పట్టదు. గ్రంథాలయ పని తనంతట తాను నిలవదు, రాసిపెడితేనే నిలుస్తుంది.

వ్యాసంకన్నా ముందు అప్పగింతల పట్టిక పూర్తిచేయించండి. కోహా ప్రధాన ఖాతా, సర్వర్ పాస్‌వర్డ్, చివరి బ్యాకప్ ఎక్కడుంది, దాన్ని ఎప్పుడైనా తిరిగి తెరిచి చూశారా, డొమైన్ పునరుద్ధరణ తేదీ, ప్రచురణకర్తల దగ్గర నమోదైన ఐపీ చిరునామాలు, అరుదైన పుస్తకాల బీరువా తాళాలు, చెల్లించని బిల్లులు. ఎన్నో ఖాతాలు ఆయన సొంత ఫోన్ నంబరుకు కట్టి ఉంటాయి. ఓటీపీలు ఆ ఫోన్‌కే వెళతాయి. వీడ్కోలు సభకు కనీసం పది రోజుల ముందే, ఆయన పక్కన కూర్చుని ఒక్కొక్క నంబరూ మార్పించండి.