గోల్డ్ స్టేటస్ పోతుందని క్రెడిట్ కార్డు బాకీ పెంచుకోకండి

ప్రశ్న: నాలుగేళ్లుగా ఒకే ఎయిర్‌లైన్‌లో తిరుగుతున్నాను. ఎగిరినందుకు ఖాతాలో జమ అయ్యే, టికెట్లకు వాడుకునే మైళ్లు 1,40,000 ఉన్నాయి. తరచూ ఎగిరేవాళ్లకు ఇచ్చే గోల్డ్ స్టేటస్ ఇంకో ఐదు నెలల్లో అయిపోతుంది. ఆఫీసు పని మారడంతో ఇప్పుడు నేను వెళ్లే రూట్లలో వేరే ఎయిర్‌లైన్‌కే ఎక్కువ ఫ్లైట్లు ఉన్నాయి. వాళ్లు స్టేటస్ మ్యాచ్ ఇస్తున్నారు, అంటే నా గోల్డ్ చూపిస్తే వాళ్లూ గోల్డ్ ఇస్తారు. 90 రోజులు గోల్డ్, ఆలోపు 6 ఫ్లైట్లు ఎక్కితే ఏడాది పాటు ఖాయం. ఆఫీసు ఖర్చుతో 4 అవుతాయి, మిగతా 2 నేను పెట్టుకోవాలి. వాళ్ల పేరుతో బ్యాంకు ఇచ్చే కోబ్రాండెడ్ క్రెడిట్ కార్డు తీసుకుని 3 నెలల్లో చెప్పినంత ఖర్చు చేస్తే 60,000 బోనస్ మైళ్లు వస్తాయి. పాత కార్డులో బాకీ ఉంది, ఏడు నెలలుగా మినిమం డ్యూ కడుతున్నాను. అవసరమైతే పర్సనల్ లోన్ తీసుకుంటాను. ప్రోగ్రాం మారడం మంచిదేనా?

జవాబు: ప్రోగ్రాం మారవచ్చు. కార్డు మాత్రం తీసుకోవద్దు, సొంత డబ్బుతో ఆ రెండు ఫ్లైట్లు ఎక్కొద్దు, మైళ్ల కోసం లోన్ ఊసే వద్దు. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది ఎయిర్‌లైన్ సంగతి కాదు, 'ఏడు నెలలుగా మినిమం డ్యూ' అన్న మాట. మీలాగే ఎంతోమంది మైళ్లను పొదుపులా చూసుకుంటూ, పక్కనే పెరుగుతున్న బాకీని పట్టించుకోవడం లేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మీరు పంపిన అంకెలు ఏ కరెన్సీలో ఉన్నా అర్థమయ్యేలా, మీ ఇంటి నెల ఖర్చును 100 అనుకుని మిగతావన్నీ ఆ కొలతలోకి మార్చాను. అప్పుడు మీ పరిస్థితి ఇది: బ్యాంకులో ఉన్నది 80. కార్డు బాకీ 150, నెలకు 3 శాతం వడ్డీ. ఖర్చులు పోగా నెలకు మిగిలేది 25. కొత్త కార్డు వార్షిక ఫీజుకు 10, ఆ రెండు ఫ్లైట్లకు 60, మొత్తం 70 విడిగా పక్కన పెట్టారు. బోనస్ మైళ్లు రావాలంటే 3 నెలల్లో కార్డు మీద 300 ఖర్చు చూపాలి.

అంటే ఆ 70 ఖర్చయ్యాక జీతం ఆగితే నెల కూడా గడవదు. ఇదే అసలు ప్రమాదం. పైగా మీరు ఎగురుతున్నది ఉద్యోగం కోసం. ఆ ఉద్యోగం పోయిన రోజున జీతం, ఫ్లైట్లు, స్టేటస్ మూడూ ఒకేసారి పోతాయి. మైళ్లు మిగులుతాయి, కానీ వాటితో ఇంటి అద్దె కట్టలేరు, ఆసుపత్రి బిల్లు కట్టలేరు. 2020 మార్చి తర్వాత జరిగింది గుర్తు చేసుకోండి. ప్రపంచమంతా విమానాలు చాలావరకు ఆగిపోయాయి. చాలా ఎయిర్‌లైన్లు స్టేటస్ గడువు పొడిగించాయి, అది మంచి పనే. కానీ ఉద్యోగం పోయినవాళ్లకు కావాల్సింది గడువు కాదు, చేతిలో డబ్బు. అదే సమయంలో ఎయిర్‌లైన్లు ఏం చేశాయో కూడా చూడండి. అమెరికా ఎయిర్‌లైన్లు తమ మైళ్ల ప్రోగ్రాంలనే, అంటే 2020లో యునైటెడ్ తన మైలేజ్ ప్లస్‌ను, డెల్టా తన స్కైమైల్స్‌ను, 2021లో అమెరికన్ తన అడ్వాంటేజ్‌ను తాకట్టు పెట్టి వందల కోట్ల డాలర్ల అప్పు తెచ్చుకున్నాయి. ఆ ప్రోగ్రాం వాళ్లకు ఆస్తి. అందులో ఉన్న మీ మైళ్లు మాత్రం మీ ఆస్తి కాదు. దాదాపు ఏ ప్రోగ్రాం నిబంధనలు చదివినా ఆ మాట స్పష్టంగా రాసి ఉంటుంది. సభ్యత్వాన్ని తమ విచక్షణతో రద్దు చేసే హక్కు ఎయిర్‌లైన్‌కు ఉందన్న నిబంధన మీద నడిచిన నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ కేసులో, 2014లో అమెరికా సుప్రీంకోర్టు ఎయిర్‌లైన్ పక్షానే తీర్పిచ్చింది.

ఇప్పుడు కార్డు లెక్క చూద్దాం, ఎందుకంటే మీరు లాభమనుకుంటున్నది అక్కడే.

మైలు విలువ కట్టడానికి ఒకటే పద్ధతి. డబ్బు పెట్టి కొంటే అయ్యే టికెట్ ధరలోంచి, మైళ్ల టికెట్ మీద కూడా కట్టాల్సిన పన్నులు, ఇంధన సర్‌ఛార్జీ తీసేసి, మిగిలినదాన్ని మైళ్లతో భాగించాలి. మీరు చూపిన రూట్‌లో టికెట్ 90, మైళ్లతో అయితే 45,000 మైళ్లు, పైన పన్నులు 25. అంటే 65ను 45,000తో భాగించాలి. వెయ్యి మైళ్లకు 1.44 వస్తుంది. కానీ మీరే రాశారు, డబ్బు పెట్టి కొనాల్సి వస్తే తేదీ మార్చుకుని 70కి దొరికే ఫ్లైట్ ఎక్కుతామని. అప్పుడు వాడాల్సిన ధర 90 కాదు, 70. విలువ వెయ్యి మైళ్లకు 1కి దిగుతుంది. బిజినెస్ క్లాసు టికెట్ ధర పెట్టి లెక్కేసుకుంటే ఇంకా గొప్పగా కనిపిస్తుంది, కానీ జేబులోంచి ఎప్పటికీ ఇవ్వని ధరతో మైలును కొలవకూడదు. కాబట్టి 60,000 బోనస్ మైళ్లు అంటే 60. వార్షిక ఫీజు 10 పోతే 50.

ఆ 50 కోసం 300 ఖర్చు చూపాలి. మీ నెల ఖర్చులో అద్దె, పిల్లల ఫీజు, ఈఎంఐలు పోగా కార్డు మీద నడిచేది 60 మాత్రమే. మూడు నెలలకు 180. ఇంకా 120 తక్కువ. 'ఎలాగూ కొనాల్సిన ఎలక్ట్రానిక్ సామాన్లు ఇప్పుడే కొనేస్తాను' అన్నారు. నెలకు 25 మిగిలే ఇంట్లో ఆ 120 బాకీగానే మిగిలిపోతుంది. పాతది 150, కొత్తది 120, మొత్తం 270. నెలకు 25 చొప్పున కడితే తీరడానికి 14 నెలలు, వడ్డీ సుమారు 61. వచ్చిన మైళ్ల విలువ 60. మైళ్లన్నీ వడ్డీ కిందే పోయాయి, ఫీజు అదనంగా పోయింది, పద్నాలుగు నెలల పాటు అత్యవసర నిధిలో ఒక్క పైసా పడలేదు.

ఇంకో చిక్కు చాలామందికి తెలియదు. పోయిన నెల బిల్లు పూర్తిగా కట్టకపోతే, చాలా కార్డుల్లో కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు ఉండదు. కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. అంటే మీ పాత కార్డు మీద ఇప్పుడు గీకుతున్న ప్రతి బిల్లుకూ, కిరాణా సహా, ఆ రోజు నుంచే వడ్డీ పడుతూ ఉండవచ్చు. స్టేట్‌మెంట్ తీసి ఫైనాన్స్ ఛార్జీల వరుస చూడండి. ఆ కార్డును ఈ రోజే పర్సులోంచి తీసేయండి. ఆటోమేటిక్‌గా కట్ అయ్యే సబ్‌స్క్రిప్షన్లను బ్యాంకు ఖాతాకు మార్చండి. బాకీ సున్నా అయ్యాక కూడా చివరి స్టేట్‌మెంట్ తేదీకీ మీరు కట్టిన తేదీకీ మధ్య వడ్డీ మరుసటి బిల్లులో వస్తుంది, అదీ కట్టేదాకా తీరినట్టు కాదు.

పర్సనల్ లోన్ గురించి. కార్డు కంటే బాగా తక్కువ వడ్డీకి దొరికితే, ముందే కట్టేసినా జరిమానా లేకపోతే, కార్డును వాడకుండా ఆపగలిగితే, ఉన్న 150ని తీర్చడానికి తీసుకోవచ్చు. మైళ్ల కోసం లోన్ అంటే నేను ఒప్పుకోను. దయచేసి ఆ ఆలోచన ఇంకెవరికీ చెప్పకండి కూడా.

పక్కన పెట్టిన ఆ 70ని ఇవాళే కార్డు బాకీకి కట్టండి. 150 కాస్తా 80 అవుతుంది. నెలకు 25 కడితే నాలుగు నెలల్లో తీరిపోతుంది, వడ్డీ సుమారు 5తో సరిపోతుంది. బ్యాంకులో ఉన్న 80ని ముట్టుకోకండి. వడ్డీ లెక్క ప్రకారం దాన్ని కూడా కార్డుకు కట్టడమే లాభం, నిజమే. కానీ చేతిలో ఏమీ లేని ఇంట్లో చిన్న జ్వరం వచ్చినా మళ్లీ ఆ కార్డే బయటికి వస్తుంది. బాకీ తీరిన నెల నుంచి ఆ 25 నేరుగా అత్యవసర నిధికి వెళ్లాలి, జీతం పడిన మరునాడే, వేరే బ్యాంకు ఖాతాకు. మొదటి మజిలీ 300, అంటే మూడు నెలల ఖర్చు. ఇంట్లో మీ ఒక్కరి జీతమే కాబట్టి ఆఖరికి 600 ఉండాలి. అంతకు తక్కువకు నేను ఒప్పుకోలేను.

మీ పాత మైళ్లు ఇక్కడే పనికొస్తాయి. ఆరు నెలల్లో ఇద్దరు వెళ్లాల్సిన ప్రయాణం ఉందని, దానికి ఆఫీసు ఇచ్చే బోనస్ డబ్బులోంచి 140 తీస్తామని రాశారు. ఆ రెండు టికెట్లూ పాత మైళ్లతో తీసుకోండి. 90,000 మైళ్లు, పన్నులకు 50. మిగిలిన 90ని బోనస్ చేతికి రాగానే నిధిలో వేయండి. మైళ్లు డబ్బుగా మారే దారి ఇదొక్కటే: బడ్జెట్‌లో ముందే ఉన్న టికెట్‌కు వాడి, ఆదా అయిన డబ్బును నిజంగా పక్కకు తీయడం. మైళ్లు ఉన్నాయి కదా అని కొత్త ప్రయాణం పెట్టుకుంటే పన్నులూ, హోటలూ మీద పడతాయి. ఆ 90తో నిధి 170 అవుతుంది, అక్కడి నుంచి 300కు ఆరు నెలలు చాలు.

టికెట్ వెతికేటప్పుడు ముందు సీటు ఉందో లేదో చూసుకోండి. మైళ్లకు ఇచ్చే సీట్లు కొన్నే ఉంటాయి, సెలవుల వారంలో అసలు కనిపించకపోవచ్చు, లేదా 45,000 అన్నది రెట్టింపు కావచ్చు. డెల్టా 2015లోనే, ఏ టికెట్‌కు ఎన్ని మైళ్లో చెప్పే తన పట్టికను తీసేసింది, యునైటెడ్ 2019లో తీసేసింది. రేటు రోజురోజుకూ మారే ప్రోగ్రాంలో మైళ్లు దాచుకోవడం నష్టమే. అలాగే రద్దు చేస్తే మైళ్లు వెనక్కి వస్తాయా, దానికి ఎంత తీసుకుంటారు అన్నది బుక్ చేసే ముందే చూడండి.

మిగిలే 50,000 మైళ్ల గడువు చూసుకోండి. స్టేటస్ పోయినంత మాత్రాన మైళ్లు పోవు, రెండూ వేర్వేరు. కొన్ని ప్రోగ్రాముల్లో వచ్చిన తేదీ నుంచి లెక్క, సింగపూర్ ఎయిర్‌లైన్స్ క్రిస్‌ఫ్లయర్‌లో మామూలుగా 36 నెలలు. కొన్నింటిలో ఖాతాలో కదలిక ఉంటే చాలు, అమెరికన్ అడ్వాంటేజ్‌లో 24 నెలలకు ఒకసారి ఏదో ఒకటి జమ కావాలి లేదా వాడాలి. ఒక ఎయిర్‌లైన్ మైళ్లను ఇంకో ఎయిర్‌లైన్‌కు మార్చుకోవడం సాధారణంగా కుదరదు. బ్యాంకు కార్డు పాయింట్లు ఏమైనా ఉంటే వాటిని టికెట్ కళ్ల ముందు కనిపించేదాకా పంపకండి, పంపాక వెనక్కి రావు.

ఇక మారడం సంగతి. కొత్త ప్రోగ్రాంలో చేరడానికి డబ్బు అక్కర్లేదు, కాబట్టి చేరండి. కానీ అంతకంటే ముందు రెండు ఎయిర్‌లైన్లూ ఒకే కూటమిలో ఉన్నాయా చూడండి. స్టార్ అలయన్స్, వన్‌వరల్డ్, స్కైటీమ్‌లలో ఏదైనా ఒకదాంట్లో రెండూ ఉంటే, కొత్త ఎయిర్‌లైన్ టికెట్ బుక్ చేసేటప్పుడు పాత సభ్యత్వ నంబరు వేస్తే మైళ్లు పాత ఖాతాకే వస్తాయి, స్టేటస్ లెక్కకూ చాలావరకు పనికొస్తాయి. అప్పుడు మారాల్సిన పనే లేదు. అయితే టికెట్ మీద ధర తరగతిని చెప్పే ఫేర్ క్లాస్ అక్షరాన్ని, ఏ అక్షరానికి ఎన్ని మైళ్లో చెప్పే పాత ప్రోగ్రాం పార్ట్‌నర్ పట్టికతో పోల్చండి. ఆఫీసులు కొనే చవక టికెట్లకు పావు వంతు మైళ్లే రావచ్చు, ఒక్కోసారి ఏమీ రావు. ఒక ఫ్లైట్‌ను ఒకే ప్రోగ్రాంలో వేసుకోగలం. బోర్డింగ్ పాస్ మైళ్లు పడేదాకా దాచుకోండి, పడకపోతే వెనక నుంచి అడగడానికి గడువు ఉంటుంది.

కూటమి కూడా శాశ్వతం కాదు. దక్షిణ అమెరికా ఎయిర్‌లైన్ లాటమ్ 2020లో వన్‌వరల్డ్‌ను వదిలింది. స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ (ఎస్‌ఏఎస్) 2024 సెప్టెంబర్ 1న స్టార్ అలయన్స్ నుంచి స్కైటీమ్‌కు వెళ్లింది. అప్పటిదాకా ఎస్‌ఏఎస్ ప్రోగ్రాం ద్వారా స్టార్ అలయన్స్ గోల్డ్ హోదా ఉన్నవాళ్లకు ఆ కూటమి సౌకర్యాలు పోయాయి. అందుకే స్టేటస్ కోసం డబ్బు పెట్టవద్దంటున్నాను.

గోల్డ్ విలువ ఎంత అని అడిగారు. బ్యాగేజీ, సీటు ఎంపిక, లాంజ్ - వీటిలో మీరు జేబులోంచి ఇచ్చేదెంతో అంతే. మీ ఉత్తరం ప్రకారం బ్యాగేజీ ఆఫీసే భరిస్తుంది, సీటుకు మీరు ఎప్పుడూ డబ్బు కట్టలేదు. మిగిలింది లాంజ్. దానికోసం రెండు ఫ్లైట్లకు 60 పెట్టడం మీ నెల ఖర్చులో సగానికి పైగా.

స్టేటస్ మ్యాచ్‌కు తొందరపడి దరఖాస్తు చేయకండి. ఆమోదం వచ్చిన రోజు నుంచే 90 రోజులు లెక్క మొదలవుతుంది, చాలా చోట్ల ఒక్కసారే లేదా కొన్నేళ్లకోసారే ఇస్తారు. ఆఫీసు ప్రయాణాల పట్టిక తెప్పించుకోండి. వరుసగా వచ్చే 90 రోజుల్లో 6 ఫ్లైట్లు ఆఫీసు ఖర్చుతోనే పడే కాలం చూసుకుని, దానికి వారం ముందు దరఖాస్తు పెట్టండి. రానూ పోనూ రెండు ఫ్లైట్లుగా లెక్కిస్తారా, పార్ట్‌నర్ ఫ్లైట్లు చెల్లుతాయా అన్నది రాతపూర్వకంగా అడగండి. మీ గోల్డ్‌కు ఇంకా ఐదు నెలలుంది, రుజువుగా పెట్టాల్సిన కార్డు, గత ఏడాది ప్రయాణాల స్టేట్‌మెంట్ గడువు తేదీ కనిపించేలా ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. గడువు దాటిన స్టేటస్‌ను సాధారణంగా మ్యాచ్ చేయరు. ఐదు నెలల్లో అలాంటి 90 రోజులు దొరకకపోతే వదిలేయండి, మామూలు సభ్యుడిగా ఎగరండి.