పాఠం చెప్పడం వచ్చాకే కెమెరా

ప్రశ్న: మాది కాకినాడ. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. కెనడా నుంచి ధ్రువపు ఎలుగుబంట్ల గురించి బడిపిల్లలకు ఆన్‌లైన్‌లో ప్రత్యక్షంగా చెప్పే పాఠాలను రాత్రిళ్లు కూర్చుని చూస్తుంది. తానూ కోరంగి మడ అడవుల నుంచి అలాంటి పాఠాలు చెబుతానంటోంది, మంచి కెమెరా కొనమంటోంది. నీట్ రాయించాలని మా ఆశ. ఇది బతుకుతెరువు అవుతుందా?

జవాబు: అవుతుంది. కానీ ‘ఆన్‌లైన్ వన్యప్రాణి పాఠాల టీచరు కావలెను’ అని ప్రకటన పడుతుందని ఎదురుచూస్తే మాత్రం కాదు.

మీ అమ్మాయి చూస్తున్నవి బహుశా పోలార్ బేర్స్ ఇంటర్నేషనల్ సంస్థ చర్చిల్ అనే ఊరి నుంచి ప్రసారం చేసే పాఠాలు. ఆ ఊరు హడ్సన్ అఖాతం పడమటి ఒడ్డున ఉంది. ఏటా అక్టోబర్, నవంబర్‌లలో ఎలుగుబంట్లు అక్కడికి చేరి సముద్రం ఎప్పుడు గడ్డకడుతుందా అని కాచుకుంటాయి. మంచు మీదికి వెళ్తేనే వాటికి సీల్ అనే సముద్ర జంతువుల వేట, అది ఆలస్యమైతే పస్తులే. ఆ ప్రాంతంలో వాటి సంఖ్య 2016లో 842 అని అంచనా వేశారు. 2021 నాటికి అది 618కి పడిపోయింది. పెద్ద చక్రాల బండిలోంచి శాస్త్రవేత్త మాట్లాడుతుంటే, కిటికీ అవతల ఎలుగుబంటి నడిచి వెళ్తుంటే, ఈ అంకెలు పిల్లల మనసులో ఇట్టే నాటుకుంటాయి.

రాత్రిళ్లే ఎందుకు చూస్తోందో గమనించారా? చర్చిల్‌లో ఉదయం పది గంటలంటే మనకు రాత్రి ఎనిమిదిన్నర. నవంబర్‌లో అక్కడ గడియారాలు మార్చాక తొమ్మిదిన్నర. అంటే మన తరగతి గదిలోని పిల్లలు ఆ పాఠంలో చెయ్యెత్తి ప్రశ్న అడగలేరు. మన బడి వేళల్లో, మన తీరం నుంచి, తెలుగులో చెప్పేవారు కావాలన్న మీ అమ్మాయి ఆలోచన సరైనదే. అయితే అవసరం ఉన్నంత మాత్రాన జీతం ఇచ్చేవారు ఉంటారని కాదు.

జీతం ఇచ్చేవి స్వచ్ఛంద సంస్థల విద్యా విభాగాలు, జూ పార్కులు, సైన్స్ కేంద్రాలు, కొన్ని ప్రైవేటు బడులు. అహ్మదాబాద్‌లోని సెంటర్ ఫర్ ఎన్విరాన్‌మెంట్ ఎడ్యుకేషన్, మైసూరులోని నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ఇండియా వంటివి ఈ దారిలో తెలిసిన పేర్లు. ఇలాంటి చోట్ల చాలా కొలువులు ప్రాజెక్టు ఉన్నంతకాలమే. అందుకే నేను బీఎస్సీ తర్వాత బీఈడీ కూడా చేయమంటాను. టెట్, డీఎస్సీ రాసి జీవశాస్త్రం టీచరుగా కుదురుకోవచ్చు, పాఠం చెప్పే పద్ధతీ పట్టుబడుతుంది. శాస్త్రంలోనే లోతుగా వెళ్లాలనుకుంటే డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా, బెంగళూరులోని నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్ (ఎన్‌సీబీఎస్) వన్యప్రాణుల సబ్జెక్టులో ఎమ్మెస్సీ నడుపుతున్నాయి. సీట్లు బాగా తక్కువ. ఏటా ప్రవేశాలు ఉంటాయని అనుకోకుండా ప్రకటనలు చూసుకుంటూ ఉండాలి.

ఇదంతా తర్వాతి మాట. ముందు ఈ పని ఆమెకు చూడటానికే ఇష్టమా, చేయడానికి కూడా ఇష్టమా తేలాలి. దానికి ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. మీ తీరానికి శీతాకాలంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. గుడ్డులోని పిల్ల ఆడదా మగదా అన్నది ఇసుక వేడిని బట్టి ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ ఆడపిల్లలే ఎక్కువగా పుడతాయి. వాతావరణ మార్పు గురించి ఎనిమిదో తరగతికి చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు. గూళ్లు లేని చోట, పగటిపూట, సరుగుడు తోపు నీడలో ఒక థర్మామీటరు, ఎండ పడే ఇసుకలో ఒకటి, రెండూ అడుగున్నర లోతున దించమనండి. దగ్గర్లోని బడిలో తెలిసిన టీచరును అడిగి, ఫోనులోనే ఇరవై నిమిషాల పాఠం చెప్పమనండి. ఏది ఎక్కువ చూపిస్తుందో పిల్లలు ముందే ఊహించి చెప్పాలి, ఆ తర్వాతే థర్మామీటర్లు పైకి తీయాలి.

అప్పుడు తెలుస్తుంది అసలు కష్టం. సముద్రపు గాలికి గొంతు వినపడదు. మాట చేరడానికి రెండు మూడు సెకన్లు పడితే, ఆమె ‘అర్థమైందా’ అని అడిగి, జవాబు రాకముందే మాట్లాడటం మొదలుపెడుతుంది. అరవై మంది ఒకేసారి అరిస్తే ఒక్క ముక్కా తెలియదు. ప్రశ్న ఉన్నవారు ఒక్కొక్కరే ఫోను దగ్గరికి వచ్చేలా తరగతిలో ఉన్న టీచరు చూడాలి. ఇవన్నీ సర్దుకుని మళ్లీ చెబుతానంటే ఆమెకు ఈ పని పడుతుందని నమ్మవచ్చు. విసుక్కుంటే పరిశోధన వైపు చూడమనండి, అదీ మంచి దారే.

ఒక హెచ్చరిక. ఈ తాబేళ్లకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద గట్టి రక్షణ ఉంది. గూళ్లను తవ్వడం, తాబేలు పిల్లలను పట్టుకుని ఫోనుకు చూపించడం నేరం. రాత్రి టార్చి వెలుగుకు పిల్లలు సముద్రం వైపు వెళ్లక దారి తప్పుతాయి. కోరంగి అభయారణ్యం లోపలి నుంచి ప్రసారం చేయాలంటే అటవీశాఖ అనుమతి తప్పనిసరి.

నీట్ సంగతి: దరఖాస్తు చేసి ఉంటే రాయనివ్వండి. జీవశాస్త్రం చదువు ఎటూ వృథా పోదు. ర్యాంకు రాకపోతే లాంగ్ టర్మ్ కోచింగ్‌కు పంపేముందు ఆమె మాట వినండి.

కెమెరా ఇప్పుడు వద్దు. మొదటి ఏడాదికి ఇంట్లో ఉన్న ఫోను చాలు. గాలి హోరును ఆపే స్పాంజి తొడుగు ఉన్న కాలర్ మైకు, మూడు కాళ్ల స్టాండు కొనండి. ఇంకా డబ్బు మిగిలితే పక్షులను చూడటానికి మంచి బైనాక్యులర్స్ కొనివ్వండి.