బండిలో కొంత భాగానికే వినైల్ ర్యాప్ (పెయింట్ మీద అతికించే రంగు ప్లాస్టిక్ ఫిల్మ్) వేయిస్తే ఖర్చు నిజంగా తగ్గుతుందా?

తగ్గుతుంది, అయితే డబ్బు మిగిలేది ఫిల్మ్‌లో మాత్రమే కాదు, పనివాళ్ల కూలీలో కూడా. ఫుల్ ర్యాప్‌లో చెమటలు పట్టించే పనంతా బంపర్లు, సైడ్ మిర్రర్లు, డోర్ హ్యాండిళ్ల దగ్గరే ఉంటుంది. అక్కడ ఫిల్మ్‌ను హీట్ గన్‌తో వేడిచేసి, సాగదీసి, వంపుల్లో ఒదిగేలా నొక్కాలి. కొన్నిసార్లు ఆ భాగాలను విప్పి మళ్లీ బిగించాలి. పార్షియల్ ర్యాప్ ఈ తలనొప్పులను చాలావరకు వదిలేసి డోర్లు, వెనుక ప్యానెళ్ల లాంటి చదునైన చోట్లతో సరిపెట్టుకుంటుంది.

ఉదాహరణకు తెల్లటి డెలివరీ వ్యాన్ తీసుకోండి. వెనుక సగానికి నీలం ఫిల్మ్ వేసి, దాని అంచును ముందు డోర్ మీద ఏటవాలుగా ముగిస్తే, మిగిలిన తెల్ల పెయింట్ కూడా డిజైన్‌లో కలిసిపోతుంది. అదే అంచు డోర్ మధ్యలో నిట్టనిలువుగా తెగిపోతే డబ్బులు చాలక ఆపేసినట్టు ఉంటుంది!

చాలామంది పొరబడేది ఎక్కడంటే, సగం బండికి సగం ధరే అనుకోవడం. డిజైన్ గీయడం, కొలతలు తీయడం లాంటివి ఎంత భాగానికైనా తప్పవు. చవక కాబట్టి ఫిల్మ్ నాసిరకం అనుకోవడమూ సరికాదు, ఫుల్, పార్షియల్ రెండింటికీ ఒకే ఫిల్మ్ వాడొచ్చు. అసలు ఆలోచించాల్సింది రంగు తేడా గురించి. ఫిల్మ్ కింది పెయింట్‌కు ఎండ పెద్దగా తగలదు కాబట్టి, కొన్నేళ్ల తర్వాత తీసేస్తే వెలిసిన రంగు పక్కన ఆ భాగం కొత్తగా కనబడొచ్చు. ఎర్ర బండ్ల మీద ఇది మరీ తెలుస్తుంది.