మొహం ఉబ్బిందని మాత్రలు ఆపేయొచ్చా డాక్టర్ గారూ?

ప్రశ్న: నమస్కారమండి, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా బాబుకి 7 ఏళ్ళు, 20 కిలోలుంటాడు. జలుబు జ్వరం వచ్చి తగ్గిపోయి బడికి కూడా వెళ్ళాడండి, పది రోజులకి ఒక పొద్దున్న పాలగ్లాసు అందుకోబోయి గ్లాసు పక్కన చెయ్యి పెడుతున్నాడు, నడిస్తే తూలుతున్నాడు, సాయంత్రానికి మత్తుగా పడిపోయి నన్నే ఎవరన్నాడు, రాత్రికి ఫిట్స్ వచ్చింది. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు స్టెరాయిడ్ ఇంజక్షన్ చేస్తానంటే మా తమ్ముడు వినకుండా కారు మాట్లాడి కాకినాడ తీసుకెళ్ళిపోయాడు. ఎమ్మారై తీసి, వెన్నులో నీరు తీసి ఏడెమ్ అన్నారండి. మళ్ళీ వాళ్ళూ స్టెరాయిడే ఎక్కించారు, 5 రోజులు! దాంతోపాటు వైరస్ మందు కూడా. మూడోరోజు అమ్మా అని పిలిచాడు. ఇప్పుడు ఇంట్లో స్టెరాయిడ్ మాత్రలు వేస్తున్నాం, మొహం గుండ్రంగా ఉబ్బింది, అస్తమానం ఆకలంటాడు. ఎముకలు గుల్లయిపోతాయి, ఇక ఆపెయ్యమని మా అత్తగారు గొడవ. ఆపెయ్యొచ్చాండి?

జవాబు: ఆపకండమ్మా. ముందా మాట గట్టిగా చెప్పేసి మిగతాది చెప్తాను.

ఏడెమ్ (ADEM) అంటే ఇదమ్మా, మీ బాబు మెదడుని పాడుచేసింది వైరస్ నేరుగా కాదు, ఆ వైరస్ మీదికి లేచిన రోగనిరోధక శక్తి పొరపాటున నరాల మీదుండే మైలిన్ అనే తొడుగు మీద పడింది. మీ వైపు రొయ్యల చెరువుల్లో చూసే ఉంటారు, ఏరియేటర్‌కి వెళ్ళే వైరు తొడుగు ఊడితే మోటారు బాగానే ఉన్నా సరిగ్గా తిరగదు, ఇదీ అంతే. ఆ దాడిని ఆపడానికే మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఎక్కించారు, కిలోకి 30 మిల్లీగ్రాములు, అంటే మీవాడికి రోజుకి 600 దాకా, ఎంత బరువున్నా రోజుకి 1 గ్రాము దాటనివ్వరు. దానికీ లొంగకపోతే ఐవీఐజీ, అంటే దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు నరంలోకి ఎక్కించడం, అదీ కాకపోతే రక్తంలో ప్లాస్మా అనే నీటిభాగాన్ని మార్చడం.

మరి ఆర్‌ఎంపీ చేస్తానన్నదీ స్టెరాయిడే కదా అంటే, తేడా అంతా ఎందుకిస్తున్నామో తెలిసి ఇవ్వడంలో ఉంది. మత్తు, ఫిట్స్ మెదడుకెక్కే సెరిబ్రల్ మలేరియాలోనూ వస్తాయి, అందులో స్టెరాయిడ్ ఇస్తే మేలు లేదు సరికదా కీడేనని 1982లోనే తేలింది. మెదడువాపు జ్వరం జపనీస్ రకంలో కూడా లాభం కనపడలేదు. అందుకే మీ డాక్టర్లు ముందు టెస్టులు చేసి, మెదడులో హెర్పీస్ వైరస్ లేదని రిపోర్ట్ వచ్చేదాకా ఆ వైరస్ మందు కూడా పక్కన నడిపారు. మీ తమ్ముడికి ఒక పూట మంచి పులస పులుసు పెట్టండి.

అత్తగారి భయం ఉత్తిది కాదు, మోకాళ్ళ నొప్పులకి మందుల షాపులో అడిగి ఏళ్ళ తరబడి స్టెరాయిడ్ మింగి ఒళ్ళు గుల్లచేసుకున్నవాళ్ళని ఆవిడ చూసే ఉంటారు. కానీ ఇది మామూలుగా 4 నుంచి 6 వారాల్లో కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ ఆపేసే కోర్సు. మొహం ఉబ్బు, ఆకలి, చిరాకు తర్వాత వాటంతటవే తగ్గుతాయి. టక్కున ఆపితే జబ్బు తిరగబెట్టొచ్చు, పైగా ఇన్నాళ్ళూ బయట్నుంచి అందుతుంటే కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథులు తమ పని మానేసి కూర్చుంటాయి, వాటికి టైమివ్వాలి. మధ్యలో వాంతులై మాత్ర నిలవకపోయినా, జ్వరమొచ్చినా ఆరోజే డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి, రేపు చూద్దాం అనుకోవద్దు. రక్తంలో మోగ్ (MOG) యాంటీబాడీ, అంటే ఆ మైలిన్ తొడుగు మీద పడే యాంటీబాడీ, టెస్ట్ చేశారో లేదో కూడా అడగండి, అది ఉంటే మళ్ళీ వచ్చే అవకాశం మీద కన్నేసి ఉంచాలి.

ప్రశ్న: మా అమ్మాయికి 14 ఏళ్ళండి, తణుకు. వారంగా నిద్ర లేదు, ఊరికే అరుస్తుంది, ఏదో నములుతున్నట్టు నోరు ఆడిస్తుంది. గాలి సోకిందని తాయెత్తు కట్టించాం.

జవాబు: తాయెత్తు ఉంటే ఉండనివ్వండి, ఈరోజే పిల్లల న్యూరాలజిస్ట్ దగ్గరికి బయల్దేరండి. 2007లో గుర్తించిన యాంటీ ఎన్ఎండీఏ అనే జబ్బు, ఇందులోనూ రోగనిరోధక శక్తే పొరపాటున మెదడు మీద పడుతుంది, సరిగ్గా ఇలాగే మొదలవుతుంది, చాలామంది పిచ్చి అనుకుని తిప్పుతారు. వెన్నునీరు, రక్తం టెస్ట్ చేస్తారు, అండాశయంలో గడ్డ ఉందేమో స్కాన్ చేస్తారు, ఉంటే తీసెయ్యాలి. స్టెరాయిడ్, ఐవీఐజీతో తగ్గకపోతే ఆ దాడిని అణిచే రిటుక్సిమాబ్ అనే మందు ఇస్తారు. కోలుకోడానికి నెలలు పడుతుందండి, కానీ రెండేళ్ళకి పదిమందిలో ఎనిమిదిమంది దాకా బాగానే తిరుగుతారు. ఆ నోరు ఆడించడం, అరవడం ఫోన్‌లో వీడియో తీసి పట్టుకెళ్ళండి.