పలెర్మో పాత కొట్ల దగ్గర ఏం తినాలి? మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి మిలాన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. డిసెంబర్‌లో మేమిద్దరం వెళ్తే సిసిలీ కూడా చూపిస్తానంటున్నాడు. మేము గుడ్డు కూడా తినం. అక్కడ వీధుల్లో మాకు తినడానికి ఏమైనా దొరుకుతుందా?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: దొరుకుతుందండీ, అదీ మీకు బాగా అలవాటైన శనగపిండితోనే. సిసిలీ ముఖ్యపట్టణం పలెర్మోలో దాన్ని పానెల్లే అంటారు. శనగపిండిని నీళ్లలో కలిపి, ఉప్పు వేసి, గట్టిపడేదాకా పొయ్యి మీద తిప్పుతూ ఉడికించి, పార్స్‌లీ ఆకు కలిపి, పల్చగా పరిచి, ఆరాక ముక్కలు కోసి నూనెలో వేయిస్తారు. ఆ వేడి ముక్కల్ని నువ్వులద్దిన మెత్తని రొట్టెలో పెట్టి పైన నిమ్మకాయ పిండి ఇస్తారు, అంతే, సాస్ గీస్ ఏమీ ఉండవు. పక్కనే కట్సిల్లి అని పుదీనా వాసనతో నూనెలో వేయించిన బంగాళాదుంప ముద్దలు ఉంటాయి, రెండూ కలిపి ఒకే రొట్టెలో పెట్టమనండి, చాలామంది అలాగే తింటారు. తొమ్మిదో శతాబ్దంలో సిసిలీని గెలిచిన అరబ్బుల కాలం నుంచే పానెల్లే ఉన్నాయని అక్కడివాళ్లు చెప్పుకుంటారు.

బల్లారో, కాపో సంతల్లోకి వెళ్లండి. బోర్డు చూసి కాదు, మూకుడు చూసి కొట్టు ఎంచుకోండి. వేయించి పెట్టినవి చల్లారి గుట్టగా కనిపిస్తే ముందుకు నడవండి, మీ కళ్ల ముందు వేయిస్తుంటే ఆగండి. కూర్చుని తినే హోటల్లో పానెల్లే అడగొద్దని నా సలహా, ప్లేటులో బల్ల మీదకు వచ్చేసరికి సగం రుచి పోతుంది, రోడ్డు మీద నిలబడి కాగితంలో పట్టుకుని తినాల్సిందే.

మీరు గుడ్డు కూడా తిననంటున్నారు కాబట్టి కొన్ని జాగ్రత్తలు చెప్పాలి. అదే నూనెలో చేపలు వేయిస్తారేమో అడగండి. రొట్టె మెత్తగా రావడానికి కొన్నిచోట్ల పిండిలో పంది కొవ్వు కలుపుతారు, "సెన్సా స్ట్రుట్టో?" అంటే అది లేకుండానా అని. కట్సిల్లిలో గుడ్డు వేశారా అనీ అడగండి. మూడు చక్రాల బండి మీద అమ్మే స్ఫించోనె అనే దళసరి రొట్టె చూడ్డానికి ఉల్లిపాయ, టమాటాలే కనిపిస్తాయి గానీ అందులో ఆంచోవీ చేప ఉంటుంది, మీరు ముట్టుకోవద్దు. ఆ బండి మాత్రం మీకు కొత్త కాదు, మన ఊళ్లలో తిరిగే ఆపె ఆటో కంపెనీదే.

మీ ప్రయాణంలో డిసెంబర్ 13 కలిసేలా చూసుకోండి. ఆ రోజు సాంతా లూచియా పండగ. 1646 కరువులో ఆ రోజే గోధుమల ఓడ రేవుకి వచ్చిందని, ఆకలితో ఉన్న జనం పిండి పట్టించుకునేదాకా ఆగలేక గింజలు అలాగే ఉడకబెట్టుకుని తిన్నారని కథ. అందుకని పలెర్మోలో ఆ రోజు రొట్టె, పాస్తా ముట్టుకోరు, పానెల్లే రొట్టె లేకుండా విడిగా తింటారు. ఆ రోజు ఊరంతా కనిపించే అన్నం ఉండల్ని అరన్చీనే అంటారు, వాటిలో ఎక్కువగా మాంసమో హ్యామో ఉంటుంది, కనుక్కోకుండా కొనకండి.

ప్రశ్న: పలెర్మోలో తిల్లి (ప్లీహం) పెట్టిన బన్ను తింటారని వీడియోలో చూశాను, నిజమేనా? మేం బోటీ, తలకాయ, కార్జం అన్నీ తింటాం, ఇది తినొచ్చా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: నిజమే బ్రదర్, పాని కా మేవుసా అంటారు. కానీ ముందే ఒకటి చెప్తాను: అది మేకది కాదు, దూడది, పైగా వేయించేది పంది కొవ్వులో. ఈ రెండింట్లో ఏది మీరు తినకపోయినా దీని జోలికి వెళ్లకండి.

అభ్యంతరం లేకపోతే తప్పకుండా తినండి. తిల్లి, ఊపిరితిత్తులు ముందు ఉడకబెట్టి, చల్లార్చి, పల్చగా కోసి ఉంచుకుంటారు. మీరు అడిగినప్పుడు వాటిని కాగే కొవ్వులో కాసేపు మగ్గనిచ్చి, ఫోర్కుతో తీసి, కొవ్వు కారేలా నొక్కి రొట్టెలో పెడతారు. ఉత్తి నిమ్మరసంతో కావాలంటే "స్కెట్టు" అనండి, రికోటా, తురిమిన కాచొకవాల్లో చీజ్ కూడా కావాలంటే "మరితాతు" అనండి. మొదటిసారి స్కెట్టు తీసుకోండి, చీజ్ వేస్తే తిల్లి రుచి సరిగా తెలియదు. మధ్యయుగంలో పలెర్మోలోని యూదు కసాయిలకు మతనియమం వల్ల కోతకు డబ్బు తీసుకోకూడదని, కూలి కింద లోపలి భాగాలు తీసుకుని రొట్టెలో పెట్టి అమ్మేవాళ్లని చెప్తారు. అప్పట్లో సిసిలీని ఏలిన స్పెయిన్ రాజుల 1492 నాటి ఆజ్ఞతో యూదులు సిసిలీ వదలాల్సి వచ్చింది, వాళ్ల తిండి మాత్రం ఊళ్లో నిలిచిపోయింది. లా కాలా రేవు పక్కన పోర్తా కార్బోనే అనే కొట్టు 1943 నుంచి ఉంది, అక్కడ మొదలుపెట్టండి.

ప్రశ్న: మాఫియాకి మామూళ్లు ఇవ్వనన్న హోటలు ఒకటి పలెర్మోలో ఉందని విన్నాను. అది ఏది?
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఆంటికా ఫొకాచ్చేరియా సాన్ ఫ్రాంచెస్కో. 1834 నుంచి అదే పేరున్న చర్చి ఎదురుగా ఉంది, తిల్లి రొట్టెకి ఊళ్లో అన్నిటికంటే పేరున్న చోటు. 2004లో పలెర్మో గోడల మీద కొందరు కుర్రాళ్లు రాత్రికి రాత్రి స్టిక్కర్లు అంటించారు, మామూలు కట్టే జనమంతా ఆత్మగౌరవం లేని జనం అని వాటి మీద ఉంది. ఆద్యోపిజ్జో ఉద్యమం అలా మొదలైంది. తర్వాత కొంతకాలానికే అప్పటి హోటలు యజమాని విన్చెన్సో కొంటిచెల్లో తనను డబ్బడిగినవాళ్ల మీద పోలీసులకు ఫిర్యాదు చేశాడు, కోర్టులో వాళ్ల ఎదుటే సాక్ష్యం చెప్పాడు, ఆ తర్వాత పోలీసు కాపలాతో బతకాల్సి వచ్చింది. రొట్టెలు అమ్ముకునే మనిషి అంత ధైర్యం చేయడం నాకు చాలా పెద్ద విషయం. ఇప్పుడు యాజమాన్యం మారింది, ధరలు సంతలోకంటే ఎక్కువే, అయినా పాత హాలు చూడ్డానికైనా ఒకసారి లోపలికి వెళ్లండి.

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. బ్రూక్లిన్‌లో పానెల్లే శాండ్విచ్ తిన్నాక ఇంట్లో చేద్దామని చూస్తే పిండి విరిగిపోతోంది. మన శనగపిండితో రాదా?
- ఒక పాఠకురాలు

జవాబు: వస్తుందండీ. సిసిలీ నుంచి వలస వెళ్లినవాళ్లే దాన్ని బ్రూక్లిన్‌కి తీసుకెళ్లారు, 1904లో పెట్టిన ఫెర్డినాండోస్ ఫొకాచ్చేరియా వందేళ్లకు పైగా అమ్మింది. విరిగిపోతోందంటే ఉడకడం చాలలేదని నా అనుమానం. 250 గ్రాముల పిండికి 750 మిల్లీలీటర్ల చన్నీళ్లు పోసి ఉండల్లేకుండా కలిపి, ఉప్పు, మిరియాల పొడి వేసి, సన్నని మంట మీద ఆపకుండా తిప్పండి, గిన్నె అంచులు వదిలి ముద్దయ్యేదాకా దించొద్దు. సోడా, కారం, పసుపు వేయకండి, బజ్జీ రుచి వచ్చేస్తుంది. వేడి మీదే నూనె రాసిన పళ్లెంలో పల్చగా పరచండి, ఆలస్యం చేస్తే గడ్డకట్టి పరచడానికి రాదు. పూర్తిగా చల్లారాకే కోయండి. నూనె బాగా కాగాక నాలుగైదు ముక్కలకంటే ఎక్కువ వేయకండి, ఎక్కువైతే నూనె చల్లబడి పీల్చేస్తాయి.